వాలీబాల్ కోచ్‌గా 33 ఏళ్లు: పాత నన్ను నేనే తీసేసుకుంటూ వచ్చాను

మీరు అడిగింది ఇదీ: ఆడటం ఆపేశాక ఆరేళ్లుగా అమ్మాయిల జట్టుకి కోచ్‌గా ఉన్నారు. వయసు 31. అప్పుడే విసుగొచ్చేసింది. పిల్లలు మాట వినరు, ఓడితే తప్పు మీది, గెలిస్తే పేరు ప్లేయర్లది. ముప్పై, నలభై ఏళ్లు ఇదే పనిలో ఉన్నవాళ్లు ఎలా ఉండగలిగారు? మీరు ఉండాలా, మానుకోవాలా?

ముందు నా సంగతి. 33 ఏళ్లుగా ఆడవాళ్ల జట్లకే కోచింగ్ ఇస్తున్నాను. మొదట్లో అమ్మాయిలు నన్ను అక్కా అనేవాళ్లు. తర్వాత మేడమ్ అయ్యాను. మూడేళ్ల కిందట కొత్తగా వచ్చిన ఒక సెట్టర్ (ఎగిరి కొట్టేవాళ్లకి బంతి ఎత్తి ఇచ్చే ప్లేయర్) పరధ్యానంగా "అమ్మమ్మా, బాల్ ఇటు" అనేసి నాలుక కరుచుకుంది. కోర్టంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక తట్టింది, నా ఉద్యోగం గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదని. నా ముందు నిలబడే పిల్లల వయసు ఎప్పుడూ 17 నుంచి 23 లోపే. ఏటేటా పెరిగేది నా వయసొక్కటే. వాళ్లకీ నాకూ మధ్య దూరం దానంతటదే పెరుగుతూ పోతుంది. దాన్ని దాటి వాళ్ల దగ్గరికి వెళ్లాల్సింది నేను, వాళ్లు కాదు.

ఆరేళ్లకి విసుగు రావడంలో వింతేమీ లేదు. నాకు ఎనిమిదో ఏట వచ్చింది. ఆ విసుగు ఆట మీదా కాదు, పిల్లల మీదా కాదు, నేను కోచింగ్ ఇస్తున్న పద్ధతి మీద అని తెలుసుకోడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఎక్కువ కాలం నిలిచిన కోచ్‌ని చూసి మనం ఒకే మనిషి అనుకుంటాం. దగ్గర్నుంచి చూస్తే ఒకే పేరు మీద ముగ్గురో నలుగురో పనిచేసి ఉంటారు. పాతామెని పంపించేసి కొత్తామె వస్తుంది. ఆ పంపించే పని మనమే చేసుకోవాలి. లేదంటే మేనేజ్‌మెంట్ చేస్తుంది.

నేను మొదలుపెట్టిన రోజుల్లో కోచ్ అంటే గొంతు. మాకు ఆదర్శంగా చెప్పిన కథలూ అలాంటివే. వాలీబాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1964లో, టోక్యోలో. ఆడవాళ్ల విభాగంలో మొదటి స్వర్ణం జపాన్‌దే. కోచ్ హిరోబుమి దైమాత్సు. ఆ జట్టులో ఎక్కువమంది ఒక బట్టల కంపెనీలో పనిచేసే అమ్మాయిలు. పగలంతా ఉద్యోగం, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ప్రాక్టీసు. డైవ్ చేసి బంతి తీసి, నేల మీద ఒక్క దొర్లు దొర్లి మళ్లీ కాళ్ల మీదకి లేచే డిఫెన్స్‌ని ప్రపంచం వాళ్ల దగ్గరే చూసి నేర్చుకుంది. ఇంకొకాయన నికొలాయ్ కార్పోల్. టైమ్ అవుట్‌లో ఆయన అరుపులు టీవీలో చూసినవాళ్లెవరూ మర్చిపోరు. 1980, 1988 ఒలింపిక్ స్వర్ణాలు ఆయన కోచింగ్‌లో సోవియట్ జట్టు గెలిచినవే. 1988 సియోల్ ఫైనల్లో పెరూ రెండు సెట్లు గెలిచేసి, మూడో సెట్లో 12-6 ముందుంది. పాత లెక్క ప్రకారం సెట్ 15కే అయిపోతుంది. అక్కణ్నుంచి లేచి సోవియట్ జట్టు 3-2తో గెలిచింది.

ఈ రెండు కథలూ విని నేను గొంతు మాత్రం తెచ్చుకున్నాను. కార్పోల్ 1969 నుంచి ఉరలోచ్కా అనే ఒక్క క్లబ్‌ని పట్టుకుని ఉన్నాడనీ, ఎంతోమంది అమ్మాయిలు చిన్నప్పట్నుంచీ ఆయన చేతుల్లో పెరిగినవాళ్లేననీ నాకు పట్టలేదు. ఆయన అరుపు వెనక ఏళ్ల పరిచయం ఉంది. నా అరుపు వెనక ఆరునెలల పరిచయం. (అంత పరిచయం ఉన్నా అలా అరవాలా అంటే, ఇప్పుడు నా జవాబు అక్కర్లేదనే.)

ఆ గొంతు నాకు పనికిరాదని తెలిసిన రోజు చెబుతాను. ఒక సెమీఫైనల్, ఐదో సెట్. 12-9తో మేం ముందున్నాం. అవతల సర్వీస్‌కి వచ్చిన అమ్మాయి ఫ్లోట్ సర్వీస్ చేస్తోంది. బంతికి స్పిన్ ఉండదు కాబట్టి గాల్లో అటూ ఇటూ ఊగుతూ వచ్చి, చేతుల దగ్గర ఉన్నట్టుండి కిందికి దిగుతుంది. మా ఎడమ వెనక మూలలో ఉన్న అమ్మాయికి వరసగా రెండు వేసింది. ఒకటి ఏస్, అంటే మావాళ్లు తిప్పికొట్టలేక నేరుగా పాయింటైన సర్వీస్. ఇంకోటి మా పాస్ నెట్ దాటి అవతలికే పోయింది, వాళ్లు నేరుగా కొట్టేశారు. 12-11. టైమ్ అవుట్ తీసుకున్నాను. ఉండేది 30 సెకన్లు. కాళ్లు కదపమన్నాను, చేతులు ముందే కలపొద్దన్నాను, మాట్లాడుకోమన్నాను, బ్లాక్ క్రాస్ మూయమన్నాను, ఇంకేదో కూడా అన్నాను. అన్నీ కరెక్టే. తిరిగి కోర్టులోకెళ్లగానే మళ్లీ అదే అమ్మాయికి సర్వీస్, మళ్లీ ఏస్. 13-15తో ఓడిపోయాం.

తిరుగు ప్రయాణంలో బస్సులో అడిగాను, ఆ టైమ్ అవుట్‌లో నేనేం చెప్పానని. ఆరుగురు ఆరు రకాలుగా చెప్పారు. లిబరో (వెనక వరసలో డిఫెన్స్ మాత్రమే ఆడే ప్లేయర్) అయితే నిజం చెప్పేసింది: "నాకేం వినబడలేదు మేడమ్, మీ మెడ మీద నరం ఉబ్బింది, అదే చూస్తున్నా."

అప్పట్నుంచీ నా టైమ్ అవుట్ మారిపోయింది. మొదటి పది సెకన్లు ఎవరూ మాట్లాడరు, నేను కూడా. నీళ్లు తాగుతారు, తువ్వాలుతో తుడుచుకుంటారు, ఊపిరి తీసుకుంటారు. తర్వాత ఒకే ఒక్క మాట, ఒకరికో ఇద్దరికో. ఆ రోజు చెప్పాల్సింది ఇంతే: "నువ్వొక అడుగు ముందుకి రా, బంతి దిగకముందే వేళ్లతో పైన తీసుకో. లిబరో, నువ్వు ఆమె వైపు ఒక అడుగు జరుగు." ఫ్లోట్ సర్వీస్‌కి మందు అదే, ఊగే సమయం ఇవ్వకుండా ముందే అందుకోవడం. మిగిలిన సెకన్లు పిల్లలవి. కెప్టెన్ మాట్లాడుతుంది. ఒక్కోసారి ఎవరూ మాట్లాడరు, అదీ మంచిదే. మన కంగారు వాళ్లకి అంటించకుండా ఉంటే సగం పని అయినట్టే.

ఇది చదివి "అంటే మెత్తగా ఉండాలన్నమాట" అనుకోకండి. ఆడపిల్లలు సున్నితం, గట్టిగా అంటే ఏడుస్తారు అని మగ కోచ్‌లు చాలామంది నాకు సలహా ఇచ్చారు. 33 ఏళ్లలో నేను చూసింది వేరు. గట్టిగా చెప్పడం వాళ్లకి సమస్య కాదు. ఎందుకో చెప్పకుండా గట్టిగా అనడం సమస్య. ఒకర్ని అన్నమాట ఇంకొకర్ని అనకపోతే అది ఇంకా పెద్ద సమస్య. నెట్ దగ్గర ఎగిరి బలంగా కొట్టే స్టార్ స్పైకర్ ఆలస్యంగా వస్తే ఊరుకుని, బెంచ్ మీదమ్మాయి ఆలస్యమైతే కోర్టు చుట్టూ పరుగెత్తించి చూడండి. రెండు వారాల్లో జట్టు మీ చేతుల్లోంచి పోతుంది. మీ పిల్లలు మాట వినడం లేదన్నారు కదా, ముందు ఇది చూసుకోండి.

ఇక రెండో మార్పు నేను కోరుకున్నది కాదు, రూల్ బుక్ తెచ్చి నెత్తిన పెట్టింది. 1990ల చివర రెండు మార్పులు దగ్గర దగ్గరగా వచ్చాయి. ఒకటి లిబరో. రెండోది ర్యాలీ పాయింట్. అంతకుముందు సర్వీస్ చేసే జట్టుకే పాయింటు. సర్వీస్ తప్పితే సర్వీస్ అవతలికి పోతుంది, అంతే. ఐదో సెట్ తప్ప అన్నీ అలాగే. మ్యాచ్ ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు, నా ట్రైనింగంతా ఓపిక మీద కట్టింది. ఎంతసేపైనా ఆడగలిగిన జట్టు గెలుస్తుందన్నది నా లెక్క. ర్యాలీ పాయింట్ వచ్చాక ఎవరి తప్పయినా పాయింటే. సెట్ 25కి అయిపోతుంది. నెమ్మదిగా వేడెక్కే జట్టు వేడెక్కేలోపే సెట్ పోగొట్టుకుంటుంది.

ఏడేళ్లుగా రాసుకున్న డ్రిల్స్ నోటు పుస్తకం ఉండేది నా దగ్గర. అందులో సగం ఒక్క సీజన్‌లో పనికిరాకుండా పోయింది. చాలా బాధపడ్డాను, నిజం. ఆటని పాడుచేశారని ఏడాదంతా అన్నాను. నాతోపాటు మొదలుపెట్టిన ఇద్దరు కోచ్‌లు ఇంకా అదే అంటున్నారు, కోచింగ్ మానేసి చాలా ఏళ్లయింది. నేను మాత్రం ఒక సాయంత్రం కూర్చుని ఫస్ట్ పాస్‌కి, అంటే సర్వీస్ అందుకుని సెట్టర్‌కి పంపే బంతికి, మార్కులు వేయడం మొదలుపెట్టాను. సెట్టర్ కదలకుండా ఎవరికైనా ఇవ్వగలిగే పాస్ అయితే 3. ఇద్దరికే ఇవ్వగలిగితే 2. మూలకి ఎత్తుగా వేయడం తప్ప దారి లేకపోతే 1. ఏస్ అయితే సున్నా. ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు, చాలామంది వాడతారు. నెల తిరిగేసరికి నా జట్టు గురించి నేను నమ్ముకున్నవి మూడు తప్పని తేలాయి. వాటిలో పెద్దది: బెస్ట్ రిసీవర్ అనుకున్న అమ్మాయి నిజానికి బాగా డైవ్ చేసే అమ్మాయి. డైవ్ చేయాల్సిన అవసరం ఎందుకొస్తోందో నేనెప్పుడూ చూడలేదు. కాళ్లు ఆలస్యంగా కదులుతున్నాయి కాబట్టి!

లిబరో రూల్ నాకు ఇంకో చెంపదెబ్బ. ఎత్తు చాలదని మూడేళ్లుగా బెంచ్ మీద కూర్చోబెట్టిన అమ్మాయి ఒకతె ఉండేది. రోజూ అందరికంటే ముందు వచ్చేది, బంతులు ఏరేది, పంపు కొట్టేది. లిబరో బ్లాక్ చేయకూడదు, నెట్ కంటే ఎత్తున్న బంతిని కొట్టకూడదు, కాబట్టి ఎత్తుతో పనిలేదు. ఆమెకి వేరే రంగు జెర్సీ ఇచ్చాను. రెండో మ్యాచ్‌కే జట్టు మొత్తం ఆమె గొంతు వింటూ ఆడటం మొదలుపెట్టింది. నేను ఆమెలో ఏదో గుర్తించానని తర్వాత ఎవరో పొగిడారు. ఏమీ గుర్తించలేదు. రూల్ మారకపోతే ఆమె అలా బంతులు ఏరుతూనే వెళ్లిపోయేది.

ఆడవాళ్ల ఆటలో ఇది ఇంకా ముఖ్యం. నెట్ ఎత్తు వాళ్లకి 2.24 మీటర్లు, మగవాళ్లకి 2.43. కోర్టు మాత్రం ఒకటే, 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. స్పైక్ వేగం తక్కువ కాబట్టి బంతి ఎక్కువసార్లు పైకి లేస్తుంది, ర్యాలీ సాగుతుంది. ఒక్క దెబ్బతో తేలిపోయేది తక్కువ. డిగ్ చేసిన (స్పైక్‌ని కింద పడకుండా పైకి లేపిన) తర్వాత ఏం చేస్తాం అన్నదాంట్లోనే మ్యాచ్ ఉంటుంది. స్పైక్ మీద మోజుతో వచ్చిన కోచ్‌కి ఆడవాళ్ల ఆట కొన్నాళ్లకి బోరు కొడుతుంది. డిఫెన్స్ మీద ప్రేమ ఉన్నవాళ్లే ఇక్కడ ముసలివాళ్లవుతారు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు అంత సులువు కాదు.

పందొమ్మిదేళ్ల స్పైకర్. మోకాలి చిప్ప కింద నొప్పి అని నెల రోజులుగా అంటోంది. టేపు వేశాను, ఐస్ పెట్టించాను, ఆడించాను. టోర్నమెంట్ అయ్యాక రెస్ట్ తీసుకుందువులే అన్నాను. ఒక మ్యాచ్‌లో సెట్టర్ ఇచ్చిన బంతి తల వెనక్కి వెళ్లింది. గాల్లోనే ఒంటిని వెనక్కి వంచి కొట్టింది, ఎడమ కాలి మీద ఒంటిగా దిగింది. 'టక్' మన్న చప్పుడు బెంచ్ దగ్గర నాకు వినబడింది. ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్) తెగింది. తెగింది నొప్పి ఉన్న కుడి మోకాల్లో కాదు, బాగున్న ఎడమ మోకాల్లో. కుడి మోకాలు నొప్పి పెడుతోంది కాబట్టి నెల రోజులుగా ఆ పిల్ల భారమంతా ఎడమ కాలి మీదే దింపుతోంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. చూసింది స్పైక్ ఎక్కడ పడుతోందని, కాలు ఎక్కడ పడుతోందని కాదు.

ఆపరేషన్ అయింది, పదకొండు నెలలకి తిరిగొచ్చింది, మునుపటిలా ఎగరలేకపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఏసీఎల్ గాయాలు ఆడపిల్లలకి మగపిల్లల కంటే కొన్ని రెట్లు ఎక్కువ. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలడం, ఒంటికాలి మీద దిగడం, కాళ్లు బిగబట్టి దిగడం చూడగానే కనబడే తప్పులు. ఇవి నేర్పితే మారతాయి. వారానికి రెండు మూడుసార్లు పావుగంట వార్మప్‌లో దిగే పద్ధతి, తొడ వెనక కండరాలు, బ్యాలెన్స్ మీద పనిచేస్తే గాయాలు తగ్గుతాయని పరిశోధనలు బాగానే తేల్చాయి. ఖర్చు ఏమీ లేదు. తెగినవాళ్లని తొమ్మిది నెలల లోపు మ్యాచ్‌లోకి దింపితే మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. ఆ తర్వాత కూడా కాలి బలం, ఎగిరి దిగే తీరు పరీక్షించాకే దింపాలి. ఇంకోటి నేను కోర్టులో నేర్చుకున్నది: దిగడంలో తప్పుకి కారణం చాలాసార్లు స్పైకర్ కాదు, సెట్టర్. కుడిచేతి స్పైకర్‌కి బంతి తలకి ఎడమ పక్కకో వెనక్కో వస్తే ఆమె ఎడమ కాలి మీదే దిగుతుంది, ఎంత నేర్పినా. అందుకే ఇప్పుడు మోకాళ్ల గురించి క్లాసు తీసుకుంటే సెట్టర్లని ముందు వరసలో కూర్చోబెడతాను.

బరువు విషయం కూడా ఇక్కడే. ప్రతి సోమవారం అందరి ముందూ తూకం వేసి పేరు పక్కన రాసేదాన్ని. అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్లు, నేనూ చేశాను. ఒకమ్మాయికి కాలి ఎముకలో సన్నని చీలిక వచ్చినప్పుడు డాక్టరు గారు ఆమెని అడిగిన మొదటి ప్రశ్న పీరియడ్స్ గురించి. ఐదు నెలలుగా రావడం లేదట. నాకు తెలియదు, ఆమె చెప్పలేదు, చెప్పేలా నేను లేను. ట్రైనింగ్‌కి సరిపడా తినకపోతే ముందు పీరియడ్స్ ఆగుతాయి, తర్వాత ఎముక బలహీనపడుతుంది, గాయాలు మానవు, మూడ్ పాడవుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. తూకం మిషన్ ఆ వారమే కోర్టు నుంచి తీయించేశాను. ఇప్పుడు ఫిజియో విడిగా అడుగుతారు, వివరాలు ఆవిడ దగ్గరే ఉంటాయి, నాకు తెలియాల్సింది ఒక్కటే: ఈ అమ్మాయి ఈ వారం ఎంత ఎగరొచ్చు.

మధ్యలో నేను రెండేళ్లు పని మానేశాను, పాప పుట్టినప్పుడు. తిరిగొచ్చేసరికి నా స్థానంలో, ఒకప్పుడు నాకు అసిస్టెంటుగా ఉన్న అమ్మాయి హెడ్ కోచ్ అయింది. నాకు ఇస్తామన్నది ఆమె కింద అసిస్టెంట్ పోస్టు. రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు వెళ్లి చేరాను. నా కెరీర్‌లో నేను తీసుకున్న మంచి నిర్ణయం ఏదైనా ఉందంటే అదే. హెడ్ కోచ్‌గా ఎప్పుడూ స్కోరు బోర్డు చూసేదాన్ని, అసిస్టెంట్‌గా మొహాలు చూశాను. పాయింటు పోయిన వెంటనే ఎవరు ఎవరి వైపు చూస్తారు, ఎవరు కింద చూస్తారు, తప్పు చేసినమ్మాయి దగ్గరికి ముందు ఎవరు వెళతారు. జట్టులో అసలు కెప్టెన్ ఎవరో అక్కడ తెలుస్తుంది. మూడేళ్లు అలా ఉన్నాను.

ఈ పనిలో ఆడవాళ్లు ఎందుకు తక్కువ అని మీకూ తెలిసే ఉంటుంది. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో అన్ని ఆటలూ కలిపి చూస్తే కోచ్‌లలో ఆడవాళ్లు సుమారు 13 శాతమే. సాయంత్రాలు ప్రాక్టీసు, వారాంతాలు మ్యాచ్‌లు, సీజనంతా ప్రయాణాలు. ఇంట్లో ఇంకొకరు ఆ బరువు పంచుకోకపోతే నిలబడటం కష్టం. దానికి నా దగ్గర చిట్కా లేదు. ముందే, పచ్చిగా, కూర్చుని మాట్లాడుకోవాలి, అంతే.

మీకు ధైర్యం కోసం ఒక పెద్ద ఉదాహరణ చెబుతాను. బ్రెజిల్ కోచ్ జోసె రొబెర్తో గిమరాయిస్. 1992లో బ్రెజిల్ మగవాళ్ల జట్టుకి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. 2003లో ఆడవాళ్ల జట్టుకి వచ్చాడు. 2004 ఏథెన్స్ సెమీఫైనల్. రష్యా మీద రెండు సెట్లు గెలిచి, ఒకటి పోగొట్టుకుని, నాలుగో సెట్‌లో 24-19. ఒక్క పాయింటు చాలు ఫైనల్‌కి. రాలేదు. ఆ సెట్ పోయింది, ఐదో సెట్ కూడా పోయింది. ఎదురు బెంచ్ మీద ఉన్నది ఎవరో కాదు, కార్పోల్. అలాంటి ఓటమి తర్వాత చాలామంది కోచ్‌లు మాయమైపోతారు. ఈయన ఉన్నాడు. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో అదే జట్టు మొత్తం టోర్నమెంట్‌లో ఒకే ఒక్క సెట్ పోగొట్టుకుని స్వర్ణం గెలిచింది. 2012 లండన్‌లో గ్రూపు దశలోనే ఇంటికెళ్లిపోయే పరిస్థితి. బయటపడి, క్వార్టర్ ఫైనల్‌లో రష్యా మ్యాచ్ పాయింట్లని ఒకదాని తర్వాత ఒకటి కాచుకుని, మళ్లీ స్వర్ణం. తర్వాత సొంతగడ్డ మీద 2016లో క్వార్టర్ ఫైనల్‌లోనే ఓటమి. 2021లో జరిగిన టోక్యో గేమ్స్‌లో రజతం, 2024 పారిస్‌లో కాంస్యం. అప్పటికి ఆయనకి డెబ్బై ఏళ్లు.

2016లో ఆయన్ని ఓడించిన చైనా జట్టు కోచ్ లాంగ్ పింగ్. 2008 ఫైనల్లో ఆయన చేతిలో ఓడిన అమెరికా జట్టు కోచ్ కూడా ఆవిడే. 1984లో ప్లేయర్‌గా స్వర్ణం, 1996లో చైనా కోచ్‌గా రజతం, 2008లో అమెరికాతో రజతం, 2016లో మళ్లీ చైనాతో స్వర్ణం. ఆ 2016లో కూడా గ్రూపు దశలో ఐదు మ్యాచ్‌లలో మూడు ఓడి, అతికష్టం మీద ముందుకొచ్చారు. ఐదేళ్ల తర్వాత టోక్యోలో అదే ఆవిడ జట్టు గ్రూపు దశ దాటలేదు. అదే కోచ్, అదే బుర్ర. ఈ ఇద్దరి వరసనీ పక్కపక్కన పెట్టి చూడండి. గెలిచిన ఏళ్ల మధ్య ఎన్ని ఓడిన ఏళ్లున్నాయో చూస్తే, మీ ఆరేళ్లు మీకు కొంచెం వేరేగా కనబడతాయి.

ఓడితే తప్పంతా నా మీద వేస్తారు అన్నారు. వేస్తారు. నన్ను ఒకచోట సీజన్ మధ్యలో ఫోన్ మెసేజ్‌తో తీసేశారు. కాంట్రాక్టులో మధ్యలో తీసేస్తే ఏమిటన్నది రాయించుకోండి, ఫిజియో ఉంటారా లేదా అన్నది కూడా. జీతం కంటే ముందు ఈ రెండూ అడగండి. ఇంతకంటే దీని మీద చెప్పేదేం లేదు.

కానీ తప్పు తోసేసే అలవాటు మన జట్టులో ఉందా అన్నది చూసుకోవాలి. కోచ్ హూలియో వెలాస్కో చెప్పే పోలిక ఒకటుంది. స్పైకర్ షాట్ బయటికి కొడితే సెట్టర్ వైపు చూస్తుంది. సెట్టర్, పాస్ సరిగా ఇవ్వలేదని వెనక్కి చూస్తుంది. పాస్ ఇచ్చినమ్మాయికి చూడటానికి ఎవరూ లేరు కాబట్టి లైట్ల వైపు చూస్తుంది, లైటు కళ్లలో పడిందని. ఈయన మగవాళ్ల జట్లతోనే పేరు తెచ్చుకున్నవాడు. డెబ్బై దాటాక ఇటలీ ఆడవాళ్ల జట్టు తీసుకుని 2024 పారిస్‌లో స్వర్ణం గెలిపించాడు. నేను ఆ పోలికకి ఒక మెట్టు కలుపుతాను. లైట్ల తర్వాత వరసలో ఉండేది కోచ్, ఆవిడ రిఫరీ వైపు చూస్తుంది. పిల్లలు మన కళ్లు ఎటు తిరుగుతాయో చూసే నేర్చుకుంటారు.

మీరు ఉండాలా మానుకోవాలా అన్నది నేను చెప్పలేను. ఒక పని మాత్రం చెబుతాను. ఈ వారం ఒక ప్రాక్టీసు మొత్తం జేబులో ఫోన్ పెట్టుకుని మీ గొంతు రికార్డు చేయండి. రాత్రి ఒక్కరే కూర్చుని వినండి. ఒక కాగితం మీద మూడు గీతలు గీయండి. తప్పు ఏమిటో చెప్పిన మాటలు ఒకచోట, ఏం చేయాలో చెప్పిన మాటలు ఒకచోట, ప్రశ్న అడిగినవి ఒకచోట లెక్కపెట్టండి. నాలుగో గీత గీసి ఏ అమ్మాయి పేరు ఎన్నిసార్లు వచ్చిందో కూడా రాయండి. వింటుంటే "ఛ, ఇది మార్చాలి" అని చెయ్యి పెన్ను వైపు వెళితే మీకింకా పని ఉంది. ఏమీ అనిపించకుండా నిద్రొస్తే అదీ ఒక జవాబే, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

నేను మొదటిసారి అలా విన్నది ఇరవై ఏళ్ల కిందట, క్యాసెట్ రికార్డర్‌లో. తొంభై నిమిషాల ప్రాక్టీసు. తప్పుల గీత కాగితం కింద దాకా వెళ్లింది. ప్రశ్నలు రెండు, రెండూ ఒకటే: "ఎన్నిసార్లు చెప్పాలి?" పేర్లలో మా ఇద్దరు స్పైకర్లవే ఎక్కువ. లిబరో పేరు అసలు లేదు, నెట్ దగ్గరున్న నాకు వెనక నుంచి గొంతు చించుకుని మొత్తం జట్టుని నడిపించింది ఆ పిల్లే. మర్నాడు ప్రాక్టీసుకి వెళ్లగానే ముందు ఆమెనే పేరు పెట్టి పిలిచాను. "ఏం తప్పు చేశాను మేడమ్?" అంటూ పరుగెత్తుకొచ్చింది.